ఊరి గుమ్మం దాకా వచ్చిన మంచు

"తాతయ్యా, గ్లేసియర్ ఏదీ?"

మా మనవడు అడిగింది న్యాయమైన ప్రశ్నే. గ్రిండెల్‌వాల్డ్ ఊరి చివర, టిక్కెట్టు కొనుక్కుని లోపలికి అడుగుపెట్టే చోట 'గ్లెట్షర్‌ష్లుఖ్ట్' అని బోర్డు ఉంది. వాడు అక్కడి బడిలో జర్మన్ చదువుతున్నాడు. గ్లెట్షర్ అంటే గ్లేసియర్ అనీ, ష్లుఖ్ట్ అంటే కొండల మధ్య ఇరుకు సందు అనీ వాడే మాకు అర్థం చెప్పాడు. మన మాటల్లో మంచుగండి అనుకోవచ్చు. గండికోటలో పెన్న కోసిన గండిని చూసిన కళ్ళకు ఇది అంతకన్నా ఇరుకు, అంతకన్నా చీకటి. రెండు పక్కలా నున్నటి రాతిగోడలు, గోడకు బిగించిన నడకదారి, కింద బూడిదరంగు నీళ్ళ హోరు. గండి ఉంది. మంచు లేదు. బోర్డు చదివి వచ్చిన పిల్లవాడు, ఆ పేరుగలాయన ఎక్కడ అని అడగడంలో తప్పేముంది?

ఆ పేరుగలాయనకే ఈ నాలుగు మాటలు.

ఆయన పూర్తి పేరు దిగువ గ్రిండెల్‌వాల్డ్ హిమానీనదం. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ రాష్ట్రంలో, ఐగర్ కొండ నీడలో, 1,034 మీటర్ల ఎత్తున ఉంది గ్రిండెల్‌వాల్డ్. ఆ ఊరికి ఇద్దరు మంచుపెద్దలు. ఎగువాయన వెట్టర్‌హార్న్ శిఖరం పక్కనుంచి దిగేవాడు. దిగువాయన ఐగర్‌కూ మెట్టెన్‌బర్గ్‌కూ నడుమ సందులోంచి వచ్చేవాడు. ఇద్దరూ ఊరి పచ్చిక బయళ్ళ దాకా వచ్చి ఆగేవారు. అందుకే ఆ ఊరికి 'గ్లెట్షర్‌డోర్ఫ్' అని పేరు వచ్చింది. హిమానీనదాల ఊరు అని.

మనది మంచులేని భాష. మన గోదావరి, కృష్ణ వానల మీద బతికే నదులు. అయినా హిమానీనదం అన్న మాట మనకు దొరికింది, దొరికిన మాట ఎంత సరైనదో ఆ గండిలో నిలబడ్డాక తెలిసింది. మంచుగడ్డ అనలేదు, మంచుకొండ అనలేదు, నదం అన్నారు. అది నిజంగానే పారుతుంది. పైన ఫీషర్‌హార్న్, ష్రెక్‌హార్న్ వంటి నాలుగువేల మీటర్ల శిఖరాల ఒడిలో మంచు పడుతుంది. కరగక ముందే దాని మీద మళ్ళీ పడుతుంది. ఏళ్ళ తరబడి అలా అణిగి, లోపలి గాలి పిండుకుపోయి, నీలిరంగు గడ్డ కడుతుంది. తన బరువు తానే మోయలేక లోయలోకి జారుతుంది. నడుమ వేగంగా, అంచుల్లో నెమ్మదిగా, అచ్చం ఏరులాగే. కొస దగ్గర ఎంత కరిగితే అంత పైనుంచి వచ్చి చేరుతుంటే నిలబడుతుంది, ఎక్కువ వస్తే ముందుకు సాగుతుంది, తక్కువైతే వెనక్కు తగ్గుతుంది. మనవాళ్ళు నదిని ఆడపేరుతోనూ నదాన్ని మగపేరుతోనూ పిలిచారు గనక ఈ వ్యాసంలో 'ఆయన' అంటున్నాను. ఎవరూ ఏమీ అనుకోరనుకుంటాను.

ఒక్క మాట ముందే చెప్పాలి. ఆయన మొత్తంగా పోలేదు. గండి వెనక, చాలా ఎత్తున, ఇష్మేర్ అనే చోట ఇప్పటికీ మంచు ఉంది. పోయింది ఊరి వైపు చాచిన నాలుక. కానీ ఊరు ఎరిగింది ఆ నాలుకనే. మనిషి బతికే ఉన్నా మన వీధిలోకి రావడం మానేస్తే ఆ వీధికి ఆయన లేనట్టే కదా.

కుర్రతనంలో దుడుకువాడు. యూరప్‌లో చలి ముదిరిన శతాబ్దాలవి. 1600 ప్రాంతంలో ముందుకు దూసుకొచ్చి పొలాలనూ కొట్టాలనూ ఇళ్ళనూ తోసేశాడు. ఆయన దారిలో సెయింట్ పెట్రొనెల్లా పేరిట ఒక చిన్న గుడి ఉండేదనీ, దాన్ని మంచు మింగేసిందనీ ఊళ్ళో చెప్పుకుంటారు. మన ఏటిగట్టు ఊళ్ళలో గంగమ్మ లోపలికి తీసుకుపోయిన గుళ్ళ కథలు విన్నవాళ్ళకు ఈ కథ కొత్తగా ఉండదు. ఆ కాలపు మనుషులకు హిమానీనదమంటే భయం. కొండలకు అవతలి వైపున్న ఫీష్ అనే ఊరివాళ్ళు 1678లో తమ హిమానీనదం పెరగకూడదని దేవుడికి మొక్కుకున్నారు. ఆ మొక్కు తరతరాలు తీర్చుకుంటూ వచ్చారు. దేవుడు విన్నాడేమో, మంచు తగ్గుతూ పోయింది. చివరికి మొక్కు మార్చుకుంటామని, ఇకమీదట మంచు తగ్గకూడదని ప్రార్థిస్తామని 2009లో పోపు అనుమతి అడగాల్సి వచ్చింది. ఆ అనుమతి దొరికింది కూడా. మొక్కును తిరగరాయించుకున్న ఊరిని నేను ఇంకెక్కడా వినలేదు.

వయసు వచ్చేకొద్దీ ఆయనకు పేరు వచ్చింది. 1642లో మేరియన్ అచ్చువేసిన స్విట్జర్లాండ్ వర్ణన గ్రంథంలో యోసెఫ్ ప్లెప్ గీసిన ఆయన బొమ్మ ఉంది. 1770లలో కాస్పర్ వోల్ఫ్ అనే చిత్రకారుడు వచ్చి, పైన మెరుపు మెరుస్తుండగా ఆ మంచును గీశాడు. గేటే 1779లో వచ్చాడు. బైరన్ 1816లో వచ్చాడు. వాళ్ళ వెనకే బొమ్మలు గీసేవాళ్ళు, రాళ్ళు పరీక్షించేవాళ్ళు, ఊరికే చూసిపోయేవాళ్ళు. ఫొటోలు రాకముందే వందలకొద్దీ చిత్రాలకెక్కాడు. హైంట్స్ జుంబ్యూల్ అనే స్విస్ చరిత్రకారుడు ఆ బొమ్మలూ పాత రాతలూ పోగుచేసి, ఏ కాలంలో ఎంత ముందుకు వచ్చాడో, ఎంత వెనక్కు పోయాడో లెక్కగట్టి 1980లో ఒక పెద్ద పుస్తకమే వేశాడు. రాజులకు కూడా ఇన్ని బొమ్మలుండవు. ఇంత వివరంగా ఆనవాళ్ళు మిగుల్చుకుపోయిన హిమానీనదాలు ప్రపంచంలో చాలా తక్కువ.

1855-56 ఆయన వైభవకాలం. నాలుక కొస వెయ్యి మీటర్ల కన్నా దిగువకు దిగింది. అంటే ఇవాళ ఊళ్ళో రైలు దిగే చోటు కన్నా కిందికి. ఒక పక్క పచ్చగడ్డి మేసే ఆవులు, మెడలో గంటలు. పక్కనే ఇళ్ళంత ఎత్తున పగుళ్ళు బారిన నీలి మంచు. ఆ మంచును చూడటానికి కొండ ఎక్కనక్కర్లేదు. తాడు అక్కర్లేదు, గొడ్డలి అక్కర్లేదు. పొడుగు గౌన్లు వేసుకున్న ఇంగ్లండు ఇల్లాళ్ళు, చేతికర్ర పట్టుకున్న ముసలివాళ్ళు, తల్లి చంకలోని పిల్లలు, ఎవరైనా సరే హోటల్లో టిఫిన్ చేసి, నడుచుకుంటూ వెళ్ళి చెయ్యి చాపి తాకి రావచ్చు. నా దృష్టిలో ఆయన గొప్పతనమంతా అందులోనే ఉంది. ఆల్ప్స్‌లో ఆయన కన్నా పెద్దవాళ్ళున్నారు. పొడుగువాళ్ళున్నారు. మనుషుల గుమ్మం దాకా దిగివచ్చి నిలబడ్డవాళ్ళు మాత్రం ఎంతమంది?

ఆ రోజుల్లో ఊరికి ఆయనే అన్నం పెట్టాడు. ఆయన్ను చూడటానికి వచ్చేవాళ్ళ కోసం సత్రాలు లేచాయి, సత్రాలు హోటళ్ళయ్యాయి. మేకలూ ఆవులూ కాచుకునే కుర్రాళ్ళు మంచు మీద దారి చూపే గైడ్లయ్యారు. వాళ్ళలో క్రిస్టియన్ ఆల్మర్ పేరు కొండలెక్కేవాళ్ళందరికీ తెలుసు. 1858లో ఐగర్ శిఖరాన్ని మొదటిసారి ఎక్కిన ముగ్గురిలో ఆయనొకడు. 1896లో తమ పెళ్ళయి యాభై ఏళ్ళు నిండిన సందర్భంగా డెబ్భై ఏళ్ళ ఆల్మర్ తన భార్యను వెంటబెట్టుకుని 3,692 మీటర్ల వెట్టర్‌హార్న్ ఎక్కాడు. మనకు షష్టిపూర్తికి కొండెక్కడమంటే తిరుమల మెట్లు. వాళ్ళకది. ఈ సంగతి చెబితే మా ఆవిడ నా వంక ఒకసారి చూసి ఊరుకుంది.

మన మంచుపెద్దాయన ఇంకో సేవ కూడా చేశాడు. పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ఆయన ఒంటి నుంచే మంచు గడ్డలు కోసి బళ్ళకెత్తేవారు. ఆ గడ్డలు ఎక్కడెక్కడి హోటళ్ళకో వెళ్ళేవి, పారిస్ దాకా వెళ్ళేవి.  మనకు ఈ మంచు వ్యాపారం మరీ కొత్త కథేమీ కాదు. చెన్నపట్నం సముద్రపుటొడ్డున ఐస్‌హౌస్ అని ఇప్పటికీ పిలుచుకునే భవనం ఉంది. అమెరికా చెరువుల్లో కోసి ఓడల్లో తెచ్చిన మంచును దాచడానికి 1842లో కట్టిందది. యంత్రాలు మంచు తయారు చేయడం మొదలుపెట్టాక చెన్నపట్నంలో ఓడల మంచూ ఆగింది, గ్రిండెల్‌వాల్డ్‌లో రంపాల చప్పుడూ ఆగింది. పారిస్ వెన్నెల రాత్రుల్లో ఎవరి గ్లాసులోనో కరిగిపోయిన ముక్కలు ఏ కాలంలో కురిసిన మంచువో ఆ తాగినవాళ్ళు ఆలోచించి ఉండరు.

తగ్గడం 1860లలోనే మొదలైంది. మొదట్లో ఎవరూ దిగులు పడలేదు, పైగా లాభమే కనపడింది. పద్దెనిమిదో శతాబ్దంలో ఆయన ముందుకొచ్చి కప్పేసిన రంగురాతి గని, ఆయన జరగ్గానే మళ్ళీ బయటపడింది. పోగొట్టుకున్న వస్తువును పెద్దాయన తిరిగి ఇచ్చినట్టే ఉంది. తరవాత ఇంకా వెనక్కు జరిగి, జరిగి, గండిలోంచే తప్పుకున్నాడు. ఖాళీ అయిన ఆ సందులో ఇరవయ్యో శతాబ్దం మొదట్లో నడకదారి వేసి జనాన్ని రానిచ్చారు. మేం నడిచింది ఆ దారే. సుమారు కిలోమీటరు. మధ్యమధ్య కొన్ని చలి సంవత్సరాల్లో ఆయన కాస్త ముందుకు జరగడమూ ఉంది. ఎగువాయన అయితే 1980ల దాకా ముందుకు వస్తూనే ఉండి ఊరికి ఆశ పెట్టాడు. మంచం పట్టిన మనిషి ఒకరోజు లేచి కూచుని కాఫీ అడిగితే ఇంట్లోవాళ్ళు ఎంత సంబరపడతారో అంత సంబరం. ఆ తరవాత ఇద్దరూ లేవలేదు. ఎగువాయన ఒంట్లో తొలిచిన మంచుగుహలో నీలి వెలుగు చూడటానికి జనం వెళ్ళేవారు. ఆ గుహ కూడా లేదు.

పెద్దాయన ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఏం చేసేవాడో ఆయన పోయాకగాని తెలియదంటారు. ఈయన లోయలో ఊరికే పడుకుని లేడు, రెండు పక్కల కొండలనూ భుజాలతో పట్టి నిలబెట్టాడు. ఆ ఒత్తిడి తీసేశాక కొండలకు ఆసరా పోయింది. 2005లో లోయ అంచున స్టీరెగ్ అనే పచ్చిక తిన్నె విరిగి కిందికి జారింది. దాని మీద ఎన్నో ఏళ్ళుగా నడిచివచ్చిన వాళ్ళకు వేడివేడిగా భోజనం పెట్టిన ఇల్లు ఒకటి ఉండేది. దాన్ని వదులుకుని మరుసటి ఏడు ఇంకా పైన, బేరెగ్‌లో కొత్తది కట్టుకున్నారు. 2006 జూలైలో ఐగర్ తూర్పు పక్క నుంచి 5 లక్షల ఘనపు మీటర్లకు పైగా రాయి ఊడిపడింది. దుమ్ము లేచి ఊరిని కమ్మింది. ఐగర్‌కు కోపం వచ్చిందని కాదు. గోడకు ఆనించిన దూలం తీసేశారు, అంతే.

ఆ మీదట ఆయన చోటులో నీళ్ళు నిలిచాయి. కొండల నుంచి జారిన రాళ్ళూ మట్టీ అడ్డుకట్ట అయి, వెనక కరిగిన నీరు చేరి సరస్సు కట్టింది. ఊరి నెత్తిన నీళ్ళకుండ. 2008 మే నెలలో అది తెగి ఏటికి వరద వచ్చింది. దాంతో కొండను తొలిచి రెండు కిలోమీటర్ల పైచిలుకు పొడవున సొరంగం వేసి ఆ నీటిని బయటికి తోలే ఏర్పాటు చేశారు. మంచు చేసిన చాకిరీకి ప్రత్యామ్నాయం ఎంత ఖరీదో అప్పుడు లెక్క తెలిసింది.

సరస్సుల మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. గ్రిండెల్‌వాల్డ్ వెళ్ళినవాళ్ళు ఎదుటి కొండ మీద 2,265 మీటర్ల ఎత్తున బాఖాల్ప్ సరస్సుకు తప్పకుండా వెళతారు. కేబుల్ కారు దిగి గంట నడక. గాలి లేని పూట ఎదుటి శిఖరాలు తలకిందులుగా ఆ నీళ్ళలో దిగుతాయి. మేమూ వెళ్ళాం, ఫొటోలు తీసుకున్నాం. అందరూ మెచ్చుకునే అందం అది, మెచ్చుకోకపోతే మనదే లోపం. కానీ నా మనసులో నిలిచింది కొండకింది బ్రియెన్జ్ సరస్సు. హిమానీనదం రాతిని తిరగలిలా నూరుతుంది. ఆ పిండిని ల్యూట్షినె ఏరు మోసుకుపోతుంది. గ్రిండెల్‌వాల్డ్ పాయను నల్ల ల్యూట్షినె అనీ, లౌటర్‌బ్రునెన్ పాయను తెల్ల ల్యూట్షినె అనీ అంటారు. రెండూ కలిసి ఇంటర్‌లాకెన్ పక్కన బ్రియెన్జ్ సరస్సులో పడతాయి. ఏట్లో బూడిదలా కనపడిన ఆ పిండే సరస్సు లోతుల్లో తేలుతూ వెలుగు తగిలితే నెమలిపింఛం రంగు తేలుతుంది. ఒడ్డున బెంచీ మీద కూచున్న జనం ఆ రంగుకు నోరు తెరుస్తారు. అది ఆయన నూరిన పిండి అని ఏ బెంచీ మీదా రాసి లేదు.

ఒంటరి మరణం కాదిది. స్విట్జర్లాండ్ హిమానీనదాలు 2022, 2023 రెండేళ్ళలోనే తమ మంచులో పదో వంతు పోగొట్టుకున్నాయి. ఐస్‌లాండ్‌లో ఓక్ అనే హిమానీనదానికి 2019 ఆగస్టులో సంస్మరణ ఫలకం పెట్టారు. మరుసటి నెల స్విట్జర్లాండ్‌లోనే పిజోల్ హిమానీనదానికి నల్లబట్టలు కట్టుకుని కొండెక్కి వీడ్కోలు చెప్పారు. మన గంగ పుట్టే గోముఖ్ దగ్గర కూడా మంచు వెనక్కు జరుగుతూనే ఉంది. అది ఇంకో నివాళి. రాసే అవసరం రాకూడదని కోరుకుందాం.

ఊరు మాత్రం బాగానే ఉంది. అదొక ఊరట, అదొక చిన్న నొప్పి కూడా. హోటళ్ళు నిండుగా ఉన్నాయి. 2020 డిసెంబరు నుంచి ఐగర్ ఎక్స్‌ప్రెస్ అనే కొత్త కేబుల్ కారు నడుస్తోంది. దాన్ని ఎక్కి, పైన రైలు మారి, 3,454 మీటర్ల యుంగ్‌ఫ్రాయోఖ్‌కు వెళ్ళి మంచు తొక్కి రావచ్చు. మా బోగీలో సగం మంది మనవాళ్ళే. వెనక సీటులో గుంటూరు యాస వినపడుతుంటే ప్రాణం లేచివచ్చింది. మన సినిమా పాటల్లో పల్చటి చీరల్లో వణుకుతూ హీరోయిన్లు ఎగిరిన కొండలివేనని ఒకాయన పిల్లలకు వివరిస్తున్నాడు. పైకి చేరాక అందరం మంచు ముద్దలు విసురుకున్నాం. నేను కాదనను, ఆనందంగానే ఉంది. కాకపోతే ఒకప్పుడు మంచే మనుషుల దగ్గరికి నడిచి వచ్చేది. ఇప్పుడు దాన్ని వెతుక్కుంటూ మనం టిక్కెట్టు కొని పోతున్నాం.

తిరిగి మంచుగండిలోకి వస్తాను. మనవడి ప్రశ్నకు నేను వెంటనే జవాబు చెప్పలేదు. నడకదారి పక్కన ఒక చోట గోడ చేతికందేంత దగ్గరగా ఉంది. సున్నపురాయి. అరచేత్తో తడిమితే గుడి గడప రాయిలా నున్నగా ఉంది. వంగి చూస్తే ఆ నునుపు మీద సన్నటి గీతలు, అన్నీ ఒకే వైపుకు, దువ్విన జుట్టులా. మంచు అడుగున ఇరుక్కున్న రాళ్ళు గీసుకుంటూ పోయిన గుర్తులవి. ఒక గీతలో మావాడి చిటికెన వేలు సరిగ్గా పట్టింది. "ఇదిగో, ఇక్కడిదాకా ఉండేవాడు. ఇటునుంచి ఇటు వెళ్ళాడు" అన్నాను. వాడు వేలు తియ్యకుండా గీత వెంబడి కొంతదూరం నడిచాడు. అది ఆగిపోయిన చోట ఆగి, తల ఎత్తి పైకి చూశాడు. పైన రెండు గోడల మధ్య సన్నటి ఆకాశం.

బయటికి వచ్చాక ఏటి ఒడ్డున చెయ్యి ముంచి, చురుక్కుమన్నట్టు వెనక్కు లాక్కున్నాడు. ఆగస్టు ఎండలో కూడా నీళ్ళు అంత చల్లగా ఉన్నాయి.

గ్రిండెల్‌వాల్డ్ వెళ్ళే తెలుగువాళ్ళకు ఒక మనవి. పై కొండలకు వెళ్ళండి, మంచు ముద్దలు విసురుకోండి, సరస్సు దగ్గర ఫొటోలు దిగండి. దిగివచ్చాక ఒక్క గంట మిగుల్చుకోండి. స్టేషన్ నుంచి మంచుగండికి అరగంట పైచిలుకు నడక, నడవలేనివాళ్ళకు బస్సు ఉంది. లోపలికి వెళ్ళి, జనం తక్కువగా ఉన్న చోట ఆ గోడ మీద ఒకసారి చెయ్యి వేసి రండి.